హోంవర్క్ ప్రశ్నకు జవాబు ఎక్కడ మొదలవ్వాలి

తిరుపతిలో బాలాజీ కాలనీ, భవానీ నగర్, బైరాగిపట్టెడ వైపు గదులు అద్దెకు తీసుకుని చదువుకునే పిల్లలు చాలామంది. పీలేరు నుంచి, పుత్తూరు నుంచి, సత్యవేడు, పలమనేరు నుంచి వచ్చినవాళ్లు. డౌట్ వస్తే ఇంట్లో అడగడానికి చదువుకున్నవాళ్లు ఉండరు, ఉన్నా ఆ సబ్జెక్టు వాళ్లకు రాదు. అందుకని ప్రశ్నను ఫొటో తీసి సీనియర్‌కో, ట్యూషన్ సారుకో, ఊళ్లో టీచరుగా పనిచేసే మేనమామకో వాట్సాప్‌లో పెడతారు. కింద "ఇది ఎట్ల చేసేదన్నా?" అని ఒక ముక్క. ఆ ఫొటోలో అచ్చయిన ప్రశ్న ఉంటుంది. పిల్లాడు రాసుకున్నది మాత్రం ఉండదు. జవాబు చెప్పేవాళ్లకు అసలు కావలసింది అదే.

ప్రశ్న అందరికీ ఒకటే. ఆగిపోయిన చోటు ఒక్కొక్కరికి ఒక్కోటి. ఒకే లెక్కను పదిమంది తప్పు చేస్తే పది తప్పులూ ఒకేలా ఉండవు. అది చూడకుండా జవాబు పంపేస్తే, పంపినవాళ్లకు ఆ లెక్క వచ్చని తెలుస్తుంది గానీ పిల్లాడికి ఏది రాలేదో ఇద్దరికీ తెలియదు. కాబట్టి హోంవర్క్ డౌట్ తీర్చే పని విద్యార్థి రాసిన తప్పు దగ్గర మొదలవ్వాలి. "ఏదీ, నువ్వు చేసిందాకా పంపు" అన్నదే మొదటి మాట కావాలి. ఏమీ చేయలేదంటే, ప్రశ్నలో ఎంతవరకు అర్థమైందో సొంత మాటల్లో రాసి పంపమనాలి. ఈ ఒక్క అలవాటుతో జవాబు చెప్పే తీరే మారిపోతుంది. ఆల్జీబ్రా, బిజినెస్, సైకాలజీ ప్రశ్నలు తీసుకుంటే అది స్పష్టంగా కనిపిస్తుంది, ఎందుకంటే ఈ మూడింటిలో తప్పు దాక్కునే చోట్లు వేరు వేరు.

ఎనిమిదో తరగతి స్థాయి లెక్క ఒకటి చూద్దాం. 3(ఎక్స్ − 4) = 2ఎక్స్ + 5. సరైన జవాబు 17. విద్యార్థికి 9 వచ్చింది. ఇక్కడ చాలామంది చేసే పని, తెల్లకాగితం మీద లెక్కంతా మొదటినుంచి చివరిదాకా చేసి పంపడం. పిల్లాడు దాన్ని నోట్సులోకి ఎక్కించుకుంటాడు. తనది ఎందుకు తప్పయిందో అడగడు, తర్వాతి లెక్కలో మళ్లీ అదే తప్పు చేస్తాడు.

అతను రాసిన కాగితం చూస్తే కథ వేరు. రెండో వరుసలో 3ఎక్స్ − 4 = 2ఎక్స్ + 5 అని ఉంది. ఆ తర్వాత ప్రతి స్టెప్పూ సరైనదే. అంటే పక్షం మార్చడం అతనికి వచ్చు, గుర్తులు మార్చడం వచ్చు. బ్రాకెట్ విప్పేటప్పుడు బయటి 3తో లోపలి మొదటి దాన్నే గుణించి రెండోదాన్ని వదిలేశాడు, అంతే. ఇప్పుడు పాఠమంతా మళ్లీ చెప్పక్కర్లేదు. "నీకొచ్చిన 9ని ఎక్స్ చోట పెట్టి చూడు" అంటే చాలు. ఎడమవైపు 3 × 5, అంటే 15. కుడివైపు 18 + 5, అంటే 23. రెండూ కలవలేదు. జవాబు తప్పని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది.

అక్కడితో ఆగకుండా అదే 9ని అతని రెండో వరుసలో పెట్టమనాలి. ఎడమవైపు 27 − 4, అంటే 23. కుడివైపు 23. కలిసింది! మొదటి వరుసలో కలవని అంకె రెండో వరుసలో కలిసిందంటే, తప్పు ఆ రెండు వరుసల మధ్యే జరిగింది. ఇంతకంటే కచ్చితంగా తప్పును పట్టించే పద్ధతి ఎలిమెంటరీ ఆల్జీబ్రాలో ఇంకోటి లేదు. ఏ సమీకరణానికైనా పనికొస్తుంది, ఎవరూ పక్కన లేకపోయినా పిల్లాడు తనంతట తాను చేసుకోగలడు. ఇంత సులువైన సంగతిని మన బడుల్లో "సరిచూచుట" అని చివర్లో మార్కు కోసం రాయించి వదిలేయడం బాధ కలిగిస్తుంది. అది మార్కు కోసం పెట్టిన తంతు కాదు, విద్యార్థి చేతికిచ్చిన పనిముట్టు.

తప్పు ఎక్కడుందో తేలాక కారణం చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. మూడు బుట్టల్లో ఒక్కోదాంట్లో ఎక్స్ మామిడికాయలున్నాయి, ప్రతి బుట్టలోంచీ నాలుగేసి తీసేశారు, మొత్తం ఎన్ని పోయాయి? పన్నెండు అని ఎవరైనా చెబుతారు. కాబట్టి రెండో వరుసలో ఉండాల్సింది 12, 4 కాదు.

ఇంకో తప్పు తరచుగా కనిపిస్తుంది. 3ఎక్స్ = 12 అన్నచోట ఎక్స్ = 12 − 3 అని రాస్తారు. దీనికి మూలం "అటు పోతే గుర్తు మారుతుంది" అనే సూత్రం. ఆ సూత్రం వేగంగా లెక్క చేయడానికి బాగానే ఉంటుంది, కానీ కారణం తెలియకుండా నేర్చుకుంటే ప్రతిచోటా అదే వాడేస్తారు. ఇలాంటి పిల్లాడికి సూత్రాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టించి, రెండు వైపులా ఒకే పని చేయడం ప్రతి వరుసలో రాయించాలి. రెండు వైపులా 3తో భాగించాం, రెండు వైపులా 5 తీసేశాం, ఇలా. నెమ్మదిగా ఉంటుంది, విసుగొస్తుంది, అయినా రాయించాల్సిందే.

మాటల్లో ఇచ్చిన లెక్కల దగ్గర చిక్కు మరో రకం. ఒక కాలేజీలో లెక్చరర్ల కంటే విద్యార్థులు ఆరు రెట్లు ఉన్నారు, సమీకరణం రాయండి అంటే చాలామంది 6వి = లె అని రాస్తారు. చదివిన వరుసలో పెట్టేస్తారన్నమాట. ఇది మన పిల్లల బలహీనతేమీ కాదు. 1980ల మొదట్లో అమెరికాలో ఇంజినీరింగ్ మొదటి ఏడాది విద్యార్థులకు ఇలాంటి ప్రశ్నే ఇస్తే మూడింట ఒక వంతుకు పైగా తప్పు రాశారు, ఎక్కువమంది ఇలా తలకిందులుగానే. దీనికీ మందు అంకెలే. పదిమంది లెక్చరర్లుంటే విద్యార్థులెంతమంది? అరవై. 6 × 60 అంటే 10 అవుతుందా? అవదు. అయితే 6 ఎవరి పక్కన ఉండాలి? ఇక్కడిదాకా వచ్చాక మిగతాది పిల్లాడే రాస్తాడు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ప్రతిదానికీ ఎదురు ప్రశ్న వేస్తూ కూర్చుంటే, అసలు ఆ అధ్యాయమే తెలియనివాడి గతేంటి? న్యాయమైన అభ్యంతరమే. "పూర్తి జవాబు ఎప్పుడూ ఇవ్వకూడదు" అని పట్టుబట్టేవాళ్లు ఈ సంగతి మర్చిపోతారు. ఆస్ట్రేలియాకు చెందిన జాన్ స్వెల్లర్, గ్రాహం కూపర్ 1985లో ఆల్జీబ్రా నేర్చుకునేవాళ్ల మీదే పరిశోధన చేశారు. చేసి చూపిన లెక్కను చదివి వెంటనే అలాంటిదే ఇంకోటి చేసినవాళ్లు, అన్నీ సొంతంగా చేసి నేర్చుకున్నవాళ్ల కంటే తక్కువ సమయంలో, తక్కువ తప్పులతో ఆ రకం లెక్కలు చేశారు. కొత్తవాడికి ముందు దారి తెలియాలి. దారి తెలియనివాణ్ని "నువ్వే ఆలోచించు" అని వదిలేస్తే బుర్రంతా వెతుకులాటకే సరిపోతుంది, నేర్చుకోవడానికి చోటు మిగలదు. అయితే ఆ ఫలితంలో రెండో సగాన్ని జారవిడవకూడదు. చదివిన వెంటనే అలాంటి లెక్కే ఇంకోటి చేతితో చేశారు. ఫార్వర్డ్ చేసిన జవాబులో లోపించేది సరిగ్గా ఆ రెండో సగమే. అదే రకం లెక్కలు నాలుగైదు చేసేసినవాడికి మళ్లీ పూర్తి జవాబు పంపడం వల్ల మేలేమీ ఉండదు. అతనికి తప్పు చూపితే చాలు.

ఎవరికి ఎంత ఇవ్వాలో తేల్చేది కూడా అతను చేసి పంపిన కాగితమే. కాగితం ఖాళీగా ఉంటే పూర్తిగా చేసి చూపించాలి. సగం నిండి ఉంటే ఆ సగం దగ్గర నుంచి మాట్లాడాలి.

2022 నవంబర్ చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక ఈ చర్చ ఇంకా అవసరమైంది. ఇప్పుడు ఫొటో సీనియర్ దాకా కూడా పోవడం లేదు, నేరుగా ఫోన్‌లోని ఏఐకి పోతోంది. పైన చెప్పిన సమీకరణాన్ని అది క్షణంలో చేసిపెడుతుంది, స్టెప్పులతో సహా. తుర్కియేలో దాదాపు వెయ్యిమంది హైస్కూల్ విద్యార్థులతో చేసిన ఒక అధ్యయనం 2025లో అచ్చయింది. లెక్కల ప్రాక్టీసులో మామూలు ఏఐ చాట్ వాడినవాళ్ల మార్కులు 48 శాతం మెరుగయ్యాయి. తర్వాత ఏఐ లేకుండా పరీక్ష పెడితే, అది ఎన్నడూ వాడనివాళ్ల కంటే 17 శాతం తక్కువ వచ్చాయి. అదే ఏఐని జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చేలా, ఆ లెక్కలో పిల్లలు మామూలుగా చేసే తప్పులను టీచర్ల దగ్గర తెలుసుకుని అమర్చి ఇచ్చినప్పుడు ప్రాక్టీసులో 127 శాతం మెరుగు కనిపించింది, పరీక్షలో ఆ నష్టం దాదాపు పోయింది. అంటే తేడా యంత్రానికీ మనిషికీ మధ్య లేదు. జవాబు అందించడానికీ, తప్పు తెలిసి సాయం చేయడానికీ మధ్య ఉంది. ఫార్వర్డ్ చేసే సీనియర్ కూడా ఆ మామూలు చాట్ చేసిన పనే చేస్తున్నాడు.

బిజినెస్ ప్రశ్నలకు వస్తే, ఇక్కడ లెక్క చిన్నది, దాని వెనకున్న వ్యవహారం పెద్దది. బీకాం, బీబీఏ పిల్లలకు ఎప్పుడూ వచ్చే బ్రేక్ ఈవెన్ లెక్క తీసుకుందాం. తిరుపతి ఆర్టీసీ బస్టాండ్ దగ్గర ఒక టిఫిన్ సెంటర్ ఉందనుకుందాం. నెలకు అద్దె, జీతాలు, ఇతర ఖాయం ఖర్చులు కలిపి 18,000 రూపాయలు. ప్లేటు ఇడ్లీ అమ్మకం ధర 40. బియ్యం, మినప్పప్పు, చట్నీ, గ్యాసు కలిపి ప్లేటుకు 22. లాభం లేకుండా నష్టం లేకుండా ఉండాలంటే నెలకు ఎన్ని ప్లేట్లు అమ్మాలి?

విద్యార్థి 18,000ని 40తో భాగించి 450 అని రాశాడు. సూత్రం తప్పు వాడాడు అనడం సులువు. కాంట్రిబ్యూషన్‌తో భాగించాలి, 40 − 22 = 18, కాబట్టి 18,000 / 18 = 1,000 ప్లేట్లు అని దిద్దేయవచ్చు. అలా దిద్దితే సూత్రం పరీక్షదాకా గుర్తుంటుంది, తర్వాత పోతుంది. దానికి బదులు అతని 450నే నిజమనుకుని నడిపించాలి. 450 ప్లేట్లు అమ్మావు, గల్లాపెట్టెలో 18,000 ఉంది. అద్దె, జీతాలు కట్టేశావు. పెట్టె ఖాళీ. మరి 450 ప్లేట్లకు పప్పు, బియ్యం, గ్యాసు కొన్న డబ్బు ఎవరిచ్చారు? 450 × 22, అంటే 9,900 రూపాయలు. కిరాణా కొట్టాయన వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఈ ఒక్క ప్రశ్నతో కాంట్రిబ్యూషన్ అంటే ఏమిటో పిల్లాడికి ఒంటబడుతుంది. ప్రతి ప్లేటూ ముందు తన పప్పు బియ్యం అప్పు తీర్చుకుని, మిగిలిన 18 రూపాయలే అద్దె కోసం ఇస్తుంది.

ఆల్జీబ్రాలో తప్పు జవాబును సమీకరణంలో పెట్టి చూశాం, ఇక్కడ తప్పు జవాబును దుకాణంలో పెట్టి చూశాం. పని ఒకటే. కామర్స్ పిల్లలకు ఈ సంగతి చెబితే లెక్కలంటే ఉన్న భయం కొంత తగ్గుతుంది. పదోతరగతితో ఆల్జీబ్రా పీడ వదిలిందని బీకాంలో చేరినవాళ్లకు, బ్రేక్ ఈవెన్ అంటే 40ఎక్స్ = 22ఎక్స్ + 18,000 అనే సమీకరణమేనని ఎవరో ఒకరు చూపించాలి.

లాభశాతం దేని మీద లెక్కేస్తున్నామన్నది ఇంకో చిక్కు. 80కి కొని 100కి అమ్మితే కొన్న ధర మీద 25 శాతం, అమ్మిన ధర మీద 20 శాతం. రెండూ నిజమే, ప్రశ్న ఏది అడిగిందో చూడాలి. అకౌంట్స్‌లో యజమాని తెచ్చిన 50,000 పెట్టుబడిని డెబిట్ చేయాలా, క్రెడిట్ చేయాలా అన్నదీ ఇలాంటిదే. ఎవరి పుస్తకం రాస్తున్నావని అడిగితే, వ్యాపారానికి నగదు వచ్చింది, దానికి బదులు యజమానికి బాకీ పడింది అని వాళ్లే చెబుతారు. నగదు డెబిట్, మూలధనం క్రెడిట్.

ధరల సిద్ధాంతం మీద వచ్చే ప్రశ్నలకు ఉమ్మడి చిత్తూరు జిల్లా పిల్లల దగ్గరే మంచి ఉదాహరణలున్నాయి, వాటిని వదిలేసి పుస్తకంలో ఉన్న పెన్నులు, గోధుమలు చెప్పడం అన్యాయం. 2025 సీజన్‌లో తోతాపురి మామిడి ధర పడిపోయింది. రైతుకు కిలోకు 12 రూపాయలు దక్కేలా, అందులో 8 గుజ్జు ఫ్యాక్టరీలు, 4 ప్రభుత్వం ఇచ్చేలా నిర్ణయించారు. "కనీస ధర గురించి రాయండి" అనే హోంవర్క్‌కు ఒక విద్యార్థి దీన్ని ఉదాహరణగా రాస్తే ముందు మెచ్చుకోవాలి. తర్వాత అడగాలి. ఫ్యాక్టరీ జేబులోంచి పోయేది ఎంత? 8. రైతు చేతికొచ్చేది ఎంత? 12. పుస్తకంలోని కనీస ధరలో కొనేవాడు ఇచ్చేదీ అమ్మేవాడికి వచ్చేదీ ఒకటే. ఇక్కడ రెండూ వేరు, మధ్యలో 4 రూపాయల సబ్సిడీ ఉంది. కాబట్టి ఇది ఒట్టి కనీస ధర కాదు, కనీస ధరా సబ్సిడీ కలిసిన ఏర్పాటు.

అదే విద్యార్థి ధర పడిపోవడానికి కారణంగా "సప్లై పెరిగింది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే అక్కడ ఆగనివ్వకూడదు. బంగారుపాళ్యం, దామలచెరువు మామిడి మార్కెట్ యార్డుల్లో కొనేది ఎవరు? తోతాపురి ఇళ్లలో కోసుకు తినే రకం కంటే గుజ్జుకు పోయే రకం. కొనే ఫ్యాక్టరీలు కొన్నే, అమ్మే రైతులు వేలమంది. కోసిన కాయ ఎక్కువ రోజులు ఆగదు, రేటు వచ్చేదాకా దాచుకునే వీలు లేదు. ఇవన్నీ రాస్తే అది జవాబు. మామిడితోట ఉన్న ఇంటి పిల్లాడికి ఇవన్నీ ముందే తెలుసు. తన ఇంటి సంగతి పరీక్ష కాగితం మీద రాయొచ్చని మాత్రం అతనికి ఎవరూ చెప్పలేదు.

సైకాలజీకీ బిజినెస్‌కీ మధ్య వంతెనలా ఒక ప్రశ్న ఉంది. సైకాలజిస్టు మాస్లో చెప్పిన అవసరాల క్రమం, అంటే ఆకలి, నిద్ర లాంటివి తీరాకే మనిషి పై అవసరాలవైపు చూస్తాడన్న సిద్ధాంతం. సైకాలజీ వాళ్లకూ వస్తుంది, మేనేజ్‌మెంట్ పేపర్లోనూ వస్తుంది. పిల్లలు ఒకే జవాబు రెండు చోట్లా రాస్తారు, పక్కన ఐదు మెట్ల పిరమిడ్ బొమ్మతో. మాస్లో 1943లో రాసిన వ్యాసంలో ఆ పిరమిడ్ లేదు. అది తర్వాత మేనేజ్‌మెంట్ రంగంలో పుట్టింది. పైగా ఆ క్రమం మరీ కచ్చితమైనదేమీ కాదని అదే వ్యాసంలో ఆయనే రాశాడు. మేనేజ్‌మెంట్ పేపర్ అడిగేది ఈ సిద్ధాంతంతో ఒక మేనేజర్ ఏం చేస్తాడని. సైకాలజీ పేపర్ అడిగేది ఈ సిద్ధాంతం ఎంతవరకు నిలుస్తుందని.

ఆ రెండో ప్రశ్నకు తిరుపతిలో ఉదాహరణ వెతకక్కర్లేదు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఉపవాసంతో ఎక్కేవాళ్లు, కొండమీద కంపార్ట్‌మెంట్లలో గంటల తరబడి నిద్ర మానుకుని కూర్చునేవాళ్లు రోజూ కనిపిస్తారు. ఆకలి, నిద్ర తీరాకే మనిషి పై అవసరాలవైపు చూస్తాడన్న మాటను ఈ ఊరి విద్యార్థి తన కళ్లతో పరీక్షించగలడు. అలా రాసిన జవాబు నోట్సులో బట్టీ పట్టిన రెండు పేజీల కంటే విలువైనది.

సైకాలజీలో అసలు కష్టం ఏమిటంటే, తెలియదన్న సంగతి పిల్లలకు తెలియదు. ఆల్జీబ్రాలో ఆగిపోతే ఆగిపోయినట్టు తెలుస్తుంది. సైకాలజీలో అన్నీ రోజూ వాడే మాటలే, జ్ఞాపకం, ప్రేరణ, శిక్ష, భయం. చదివితే అంతా తెలిసినట్టే ఉంటుంది. లియోనిడ్ రోజెన్‌బ్లిట్, ఫ్రాంక్ కీల్ 2002లో ఒక పరిశోధన చేశారు. జిప్పు, తాళం లాంటివి ఎలా పనిచేస్తాయో ఎంత తెలుసో ముందు చెప్పమన్నారు, తర్వాత వివరించి రాయమన్నారు. రాయబోయేసరికి తమకు అనుకున్నంత తెలియదని జనమే ఒప్పుకున్నారు. అందుకని సైకాలజీ డౌట్‌కు నిర్వచనం చెప్పడం వృథా. పుస్తకం మూసి, సొంత ఉదాహరణతో రాయమనాలి. తప్పు ఆ ఉదాహరణలో బయటపడుతుంది.

బీఏ, బీఎస్సీ పిల్లలకే కాదు, టెట్, డీఎస్సీకి చదివేవాళ్లకు కూడా, ఫలితాన్ని బట్టి ప్రవర్తన పెరుగుతుందా తగ్గుతుందా అని పరిశీలించిన సైకాలజిస్టు స్కిన్నర్ మీద ప్రశ్న తప్పదు. ఋణాత్మక పునర్బలనానికి ఉదాహరణ రాయండి అంటే తొంభై శాతం కాగితాల్లో ఇదే ఉంటుందేమో అనిపిస్తుంది: "హోంవర్క్ చేయని విద్యార్థిని ఉపాధ్యాయుడు కొట్టుట." ఇది శిక్ష. రెండే ప్రశ్నలతో ఎవరికైనా తేలుతుంది. ఏదైనా కొత్తగా వచ్చి చేరిందా, ఉన్నది పోయిందా? ఆ తర్వాత ఆ ప్రవర్తన పెరిగిందా, తగ్గిందా? గదిలో దోమలు కుడుతున్నాయి, కాయిల్ వెలిగించారు, దోమలు పోయాయి. రేపు రాత్రి ఏం చేస్తారు? మళ్లీ వెలిగిస్తారు. బాధపెట్టేది పోయింది, ప్రవర్తన పెరిగింది. అదే ఋణాత్మక పునర్బలనం. అమ్మ ఫోన్ లాక్కుంటే రాత్రి రీల్స్ చూడటం తగ్గింది. ఇక్కడా ఒకటి పోయింది, కానీ ప్రవర్తన తగ్గింది, కాబట్టి ఇది శిక్షలో ఒక రకం. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టకుండా ఒక్కదాన్నే వివరిస్తే ఎన్నిసార్లు చెప్పినా కలిసిపోతూనే ఉంటాయి.

రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్‌కు నోబెల్, కుక్కలకు లాలాజలం ఊరడం మీద చేసిన నిబంధన (కండిషనింగ్) ప్రయోగాలకు వచ్చిందని రాసే తప్పు ఒకటి ఉంది. 1904లో ఆయనకు బహుమతి వచ్చింది జీర్ణక్రియ మీద పరిశోధనకు. ఇది ఒక్క మాటలో దిద్దేదే.

స్కిన్నర్ సంగతి ఇంకొంచెం ఆలోచిస్తే హోంవర్క్‌కే చుట్టుకుంటుంది. పిల్లాడికి లెక్క రావడం లేదు, టెన్షన్. ఫొటో పెట్టాడు, రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది, టెన్షన్ పోయింది. రేపు ఏం చేస్తాడు? పుస్తకం తెరిచేలోపే ఫొటో పెడతాడు. బలపడింది చదవడం కాదు, ఫొటో పెట్టడం. జవాబు చెప్పేవాళ్ల పరిస్థితీ ఇదే. పూర్తి జవాబు పంపితే సంభాషణ వెంటనే ముగుస్తుంది, పని అయిపోయినట్టుంటుంది. "ఏదీ, నువ్వు చేసింది పంపు" అంటే ఇంకో ఇరవై నిమిషాలు పడుతుంది. ఈ సులువు ఇద్దరినీ ఒకే వైపు లాగుతుంది గనకే, అడిగేవాడి కాగితం ముందు చూడాలన్న నియమాన్ని గట్టిగా పెట్టుకోవాలి.

సైకాలజీ ప్రశ్నల్లో ఇంకొక విషయం ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. డిప్రెషన్ లక్షణాలు, ఆందోళన రుగ్మతలు అనే పాఠం వచ్చినప్పుడు కొందరు "అన్నా, ఇవన్నీ నాకున్నాయి" అంటారు. కొత్తగా రోగాల గురించి చదివేవాళ్లకు అవన్నీ తమకే ఉన్నట్టు అనిపించడం మామూలే. వైద్య విద్యార్థులకూ జరుగుతుంది. కానీ నవ్వి కొట్టిపారేయకూడదు, ఇదీ అని రోగం పేరూ పెట్టకూడదు. నిద్ర, తిండి, చదువు ఎన్నాళ్లుగా పాడయ్యాయో నిదానంగా అడగాలి. వారాల తరబడి అలాగే ఉంటే హోంవర్క్ పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి పంపాలి. రుయా ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. 2022 అక్టోబర్ నుంచి కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416 పనిచేస్తోంది. రాత్రీ పగలూ, ఉచితంగా, తెలుగులో మాట్లాడవచ్చు. చచ్చిపోవాలనిపిస్తోందని ఒక్క మాట అన్నా ఆ రాత్రి ఒంటరిగా వదలకూడదు.

భాష సంగతి కూడా చెప్పుకోవాలి. 2020 తర్వాత రాష్ట్ర ప్రభుత్వ బడుల పాఠ్యపుస్తకాల్లో ఇంగ్లీషు ఒక పేజీ, ఎదుటి పేజీలో తెలుగు ఉంటున్నాయి. బడి పిల్లల లెక్కల డౌట్‌కు ఆ రెండో పేజీ చదివించడమే సగం జవాబు. డిగ్రీలో అలాంటి వసతి లేదు. ప్రశ్న ఇంగ్లీషులో ఉంటుంది, ఆలోచన తెలుగులో సాగుతుంది. కాబట్టి ప్రశ్న ఏమడిగిందో ముందు తెలుగులో చెప్పించుకోవాలి. "వివరించండి" అన్నదానికీ "విమర్శించండి" అన్నదానికీ తేడా తెలియక పోగొట్టుకునే మార్కులు తక్కువేమీ కాదు.

రాత్రి పదిన్నరకు "రేపు పొద్దున్నే అసైన్‌మెంట్ ఇచ్చేయాలన్నా" అని వచ్చే ప్రశ్నలూ ఉంటాయి. అప్పుడు పద్ధతుల గురించి ఉపన్యాసం ఇవ్వడం కఠినత్వం. లెక్కయితే పూర్తిగా చేసి ఇవ్వాలి, కానీ ప్రతి వరుస పక్కన ఆ పని ఎందుకు చేశామో పిల్లాడి చేతే రాయించాలి. సైకాలజీ జవాబైతే విషయం చెప్పి, ఉదాహరణ మాత్రం అతని సొంతది పెట్టమనాలి. మిగిలిన పని ఆదివారానికి వాయిదా. జ్ఞాపకం మీద హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో చేసిన పరిశోధనలో, మళ్లీ మళ్లీ చదివినవాళ్లకు ఐదు నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తుంది. వారం తర్వాత మాత్రం, చూడకుండా గుర్తుచేసుకుని రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. అందుకని ఆ వారం గ్యాప్‌ను వృథా కానివ్వకుండా, ఆదివారం నోట్సు చూడకుండా చేయమని అలాంటి ప్రశ్నే ఒకటి పంపాలి.

ఆ ప్రశ్న ఎంచుకోవడంలో కాస్త శ్రద్ధ పెడితే జవాబే అన్నీ చెప్పేస్తుంది. ఉదాహరణకు 5(ఎక్స్ − 3) = 3ఎక్స్ + 7. పిల్లాడు 5 అని పంపితే బ్రాకెట్ ఇంకా కుదరలేదు, మళ్లీ బుట్టల దగ్గరికి రావాలి. మైనస్ 4 అని పంపితే బ్రాకెట్ కుదిరింది, 15ను అటు తీసుకెళ్లేటప్పుడు గుర్తు పోగొట్టుకున్నాడు. రెండు వైపులా 15 కలిపే వరుస రాయించాలి. 11 అని పంపితే రెండు తెలియని రాశులున్న లెక్కలు మొదలుపెట్టవచ్చు.